గిలకా, ఏతమా, చైన్ కప్పీనా: బరువు పనికి ఏది కొనాలి, ఏది అక్కర్లేదు

పర్లాకిమిడిలో మా హార్డ్‌వేర్ షాపుకు వచ్చేవాళ్లు ఎక్కువగా వస్తువు పేరు చెప్పే అడుగుతారు. "గిలక ఇవ్వండి", "చైన్ కప్పీ ఎంత?", "ఒంటి చక్రం బండి ఉందా?" అని. (చైన్ కప్పీ అంటే గొలుసు లాగి బరువు ఎత్తే గిలకల పెట్టె.) నేను వెంటనే తీసి ఇవ్వను. ఏం ఎత్తాలి, ఎంత ఎత్తుకి, రోజుకి ఎన్నిసార్లు, పక్కన ఇంకో మనిషి ఉంటారా అని అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. కానీ జవాబులు చెప్పేసరికి వాళ్లకే తెలిసిపోతుంది, అడిగిన వస్తువు కంటే వేరేది నయమని. కొన్నిసార్లు అసలు ఏమీ కొనక్కర్లేదని, ఇంట్లో ఉన్న బల్లచెక్క, మోకు చాలని కూడా. కాశీనగర్, గుణుపురం వైపు నుంచి, గుమ్మ, సెరంగో కొండల నుంచి, అటు పాతపట్నం నుంచి వచ్చేవాళ్లకి నేను చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక లెక్క

మీట, గిలక, చక్రం-ఇరుసు, వాలు బల్ల, చీల, మర. బడి పుస్తకాల్లో సరళ యంత్రాలని చదువుకున్నవి ఈ ఆరే. వీటిలో ఏదీ పనిని తగ్గించదు. 50 కిలోల బస్తాను 3 అడుగులు ఎత్తడానికి ఎంత పని పడుతుందో, ఏ యంత్రం పెట్టినా కనీసం అంత పని మన ఒంటి నుంచి రావాల్సిందే. యంత్రం బలాన్ని తగ్గించి దూరాన్ని పెంచుతుంది. నాలుగో వంతు బలంతో లాగుదామంటే నాలుగు రెట్ల దూరం లాగాలి. ఇటలీలో గెలీలియో 1600 ప్రాంతంలోనే ఈ సంగతి తేల్చి చెప్పాడు: బలంలో మిగుల్చుకున్నది దూరంలోనో సమయంలోనో చెల్లించక తప్పదని.

మరి లాభం ఏమిటి? 200 కిలోల దుంగను ఎవరూ ఒక్కసారిగా ఎత్తలేరు. అదే 25 కిలోల బలంతో ఎక్కువ దూరం లాగమంటే ఇద్దరు మనుషులు కబుర్లు చెప్పుకుంటూ లాగేస్తారు. నడుం విరిగే పని, చెమట పట్టే పనిగా మారుతుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే మగ కూలీ ఒక్కడే మోసే బరువు 55 కిలోలకి మించకూడదని సిఫారసు చేసింది. మన కల్లాల్లో, మిల్లుల్లో ఇవాళ్టికీ 75 కిలోల ధాన్యం బస్తాలు వీపు మీదకి ఎక్కుతున్నాయి. నలభై ఏళ్లు దాటిన కళాసీలు నడుం పట్టుకుని నడవడం చూసినప్పుడల్లా, ఒక బల్లచెక్క, రెండు చక్రాల ట్రాలీ ఉంటే ఈ నొప్పి ఉండేది కాదు కదా అనిపిస్తుంది.

ఇంకో అంకె కూడా గుర్తు పెట్టుకోండి. ఆరోగ్యంగా ఉన్న మనిషి గంటల తరబడి నిలకడగా ఇవ్వగలిగే శక్తి సుమారు 75 వాట్లు, అంటే హార్స్‌పవర్‌లో పదో వంతు. యంత్రం దీన్ని పెంచలేదు. కాబట్టి ఎంచుకునే ముందు మీకు తక్కువైంది ఏమిటో చూసుకోండి. బలం తక్కువా? సమయం తక్కువా? మనుషులు తక్కువా? జవాబును బట్టి సాధనం మారుతుంది.

నూతి దగ్గర: వట్టి చేద, గిలక, రాట్నం, ఏతం

ఎక్కువ మంది పొరపడేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

గిలక పెడితే బరువు తగ్గుతుందని అందరూ అనుకుంటారు. తగ్గదు. పైన దూలానికి బిగించిన ఒంటి గిలకతో 12 కిలోల బక్కెట తోడాలంటే 12 కిలోల బలం పెట్టాల్సిందే, ఇరుసు దగ్గర రాపిడికి ఇంకాస్త కలుపుకోవాలి. అయినా గిలక అవసరమే. దానికి రెండు కారణాలు. గిలక లేకుండా నూతి గట్టు అంచు మీద తాడు రాసుకుంటూ లాగితే ఆ రాపిడికే బలం ఒకటిన్నర రెట్లకు పైగా పెట్టాల్సి వస్తుంది, తాడూ త్వరగా తెగుతుంది. రెండోది, గిలక ఉంటే కిందికి లాగుతాం. వంగి పైకి లాగేటప్పుడు భారమంతా నడుం మీద పడుతుంది. కిందికి లాగేటప్పుడు మన ఒంటి బరువే సగం పని చేసిపెడుతుంది.

గిలక కొనేటప్పుడు చక్రం పెద్దది, ఇరుసు సన్నది చూసుకోండి. రాపిడి వల్ల పోయే బలం ఇరుసు లావును చక్రం లావుతో పోల్చుకుంటే ఎంతుందో దాన్ని బట్టి ఉంటుంది. 4 అంగుళాల గిలక, 8 అంగుళాల గిలక ఒకే లావు ఇరుసు మీద తిరుగుతుంటే పెద్దదానిలో రాపిడి నష్టం సగమే. బేరింగు ఉన్నది దొరికితే ఇంకా మంచిది. గాడి వెడల్పు మీ చేంతాడుకి సరిపోవాలి. సన్నని గాడిలో లావు తాడు ఇరుక్కుంటుంది, వెడల్పు గాడిలో సన్న తాడు పక్కకి జారి చక్రానికి, చట్రానికి మధ్య పడి నలిగిపోతుంది.

పైనుంచి వేలాడే ఒంటి గిలక విషయంలో జనం పట్టించుకోని సంగతి ఇంకొకటి ఉంది. 50 కిలోల బరువును కిందినుంచి లాగుతుంటే దూలం మీద పడేది 50 కాదు, 100 కిలోలు. ఒకవైపు బరువు లాగుతుంది, రెండోవైపు మీరు లాగుతారు. పాత పెంకుటింటి దూలానికి గిలక కట్టి ఇటుకలు ఎత్తేవాళ్లు ముందు ఆ దూలం సంగతి చూసుకోవాలి.

ఇక రాట్నం, అంటే నూతి మీద అడ్డంగా పెట్టిన దుంగకి తాడు చుట్టి పిడితో తిప్పేది. దీనిలో బరువు నిజంగానే తగ్గుతుంది. దుంగ అడ్డుకొలత 6 అంగుళాలు, పిడి చెయ్యి పొడవు 12 అంగుళాలు అనుకోండి. పిడి 12, దుంగ మధ్య నుంచి అంచుకి 3. నాలుగు రెట్ల లాభం. 12 కిలోల బక్కెటకి 3 కిలోల బలం చాలు, రాపిడితో కలిపి 4 అనుకుందాం. 30 అడుగుల నుయ్యి అయితే సుమారు 19 చుట్లు తిప్పాలి. చుట్టుకి చెయ్యి తిరిగే దూరం ఆరడుగుల పైమాటే, మొత్తం 120 అడుగులు. 30 అడుగుల లోతుకి చెయ్యి తిరిగింది 120. బలంలో నాలుగో వంతు, దూరంలో నాలుగు రెట్లు, లెక్క అక్కడికక్కడే సరిపోయింది.

అందుకే ఇంట్లో ఇరవై బక్కెట్లు తోడే వయసు పిల్లలు ఉంటే గిలకే నయం. గబగబా తోడేసి వెళ్లిపోతారు, రాట్నం వాళ్లకి నిదానంగా ఉంటుంది. ఉప్పలాడ వైపు నుంచి వచ్చే పెద్దావిడలు "బాబూ, గిలకున్నా చేతులు పీకేస్తన్నాయి" అంటుంటారు. వాళ్లకి నేను రాట్నమే చెబుతాను. "ఆలస్యమైతే అయిందిలే పెద్దమ్మా, రెండు బక్కెట్లకే కదా" అంటాను. కానీ రాట్నానికి వెనక్కి తిరగకుండా ఆపే పంటి చక్రం, కొక్కెం తప్పనిసరి. నిండు బక్కెటతో చెయ్యి జారితే పిడి విసురుగా తిరిగి మణికట్టు విరగ్గొడుతుంది. ఆ కొక్కెం లేని రాట్నం చవకగా వచ్చినా వద్దు.

ఏతం మన వైపు వంశధార, మహేంద్రతనయ ఒడ్డు ఊళ్లలో పాతకాలం నుంచి ఉన్నదే. ఒడియా వాళ్లు తెండా అంటారు. పొడవాటి మాను, మధ్యలో ఆనించిన గుంజ, ఒక చివర బక్కెట, రెండో చివర రాయి. దీని తెలివి రాయిలో ఉంది. రెండు చేతులూ సమానంగా ఉండి, బక్కెట నీళ్లు 12 కిలోలు అయితే, 6 కిలోల రాయి కట్టారనుకోండి. ఖాళీ బక్కెటను కిందికి దించేటప్పుడు 6 కిలోల బలంతో లాగాలి, అప్పుడు రాయి పైకి లేస్తుంది. నిండినదాన్ని ఎత్తేటప్పుడు రాయి కిందికి దిగుతూ సాయం పడుతుంది, మనం పెట్టేది మళ్లీ 6 కిలోలే. పైకీ కిందికీ పనిని సమంగా పంచేసింది. నీళ్లు 10, 12 అడుగుల లోపు ఉన్న గుంటకి, కూరగాయల మడులకి ఇంతకంటే మంచి చేతి సాధనం నాకు తెలీదు. 15 అడుగులు దాటితే మాను అంత ఎత్తు ఊగలేదు, అక్కడ ఏతం ఊసు వదిలేయండి.

ఇక మోటారు. కరెంటు ఉంటే చర్చ ఎందుకని అడిగేవాళ్లు ఉంటారు. లెక్క చూద్దాం. వెయ్యి లీటర్లు 30 అడుగుల లోతు నుంచి తోడటానికి 75 వాట్ల మనిషికి రాపిడి, అలుపు ఏమీ లేకపోతే సుమారు 20 నిమిషాలు పడుతుంది. నిజంగా తోడితే దానికి రెట్టింపు. ఇంటి వాడకానికి 200 లీటర్లు అంటే పావుగంట కూడా పట్టదు, గిలక చాలు. అదే 25 సెంట్ల మడికి ఒక అంగుళం నీళ్లు పెట్టాలంటే 25 వేల లీటర్లు కావాలి. కనీస లెక్క వేసుకున్నా ఎనిమిది గంటలు దాటిపోతుంది. అర హార్స్‌పవర్ మోటారు అయిదుగురు మనుషుల పెట్టు. పొలానికి మోటారే పెట్టండి, గిలకతోనో ఏతంతోనో పడే శ్రమకి అర్థం ఉండదు. నుయ్యి ఇంటి కోసమే అయితే మోటారు ఉన్నా గిలక తీసేయకండి. తుపాను వచ్చిందంటే కరెంటు రోజుల తరబడి రాకపోవడం మన జిల్లాలకి కొత్త కాదు.

డెంకి చెప్పే సంగతి

పనిముట్టు అంటే బలం తగ్గించేదే అనుకుంటే డెంకి మనకి అర్థం కాదు. ఒడియా ఇళ్లలో, మన పల్లెల్లోనూ వడ్లు దంచిన ఆ కాలి మీటలో ఆనుడు గుంజ కాలు పెట్టే వైపుకే దగ్గరగా ఉంటుంది, రోకలి వైపు పొడవు ఎక్కువ. అంటే రోకలి బరువు కంటే ఎక్కువ బలంతో తొక్కాలి. బలంలో నష్టమే. కానీ తొక్కేది కాలితో, ఒంటి బరువుతో. రోట్లో రోకలి ఎత్తి దంచితే భుజాలు, చేతులు అలిసిపోతాయి. తొడ కండరాలకి ఒంటి బరువు మోయడం రోజూ ఉన్న పనే. ఏ సాధనమైనా ఎంచుకునేటప్పుడు "ఎంత బలం" అన్నదానితో పాటు "ఒంట్లో ఏ భాగం బలం" అని కూడా చూడాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కాలితో తొక్కేది, భుజం పట్టేసినవాళ్లకి తలపైకి చేతులెత్తి లాగేది, ఎంత లాభం లెక్క కట్టినా పనికిరావు.

బండికి ఎక్కించడం: బల్లచెక్క ఎప్పుడు పనికొస్తుంది, ఎప్పుడు రాదు

ట్రాలీ ఆటో మంచం (సరుకు పెట్టే వెనక బల్ల) నేలకి రెండున్నర అడుగుల ఎత్తు అనుకుందాం. 10 అడుగుల బల్లచెక్క వాలుగా పెడితే నాలుగు రెట్ల లాభం. 50 కిలోల సిమెంటు బస్తాకి పన్నెండున్నర కిలోల బలం చాలాలి. కానీ బస్తాను చెక్క మీద ఈడ్చి చూడండి, ముప్పై అయిదు కిలోలకు పైగా లాగితే గాని కదలదు. గోనె, చెక్క రాసుకునే రాపిడి లాభాన్నంతా తినేస్తుంది. బల్లచెక్క పెట్టి చూశాం, ఉపయోగం లేదండీ అని కళాసీలు అనేది ఇందుకే. వాళ్లు చెప్పేది నిజం.

దానికి మందు చక్రం. రెండు చక్రాల బస్తా ట్రాలీ మీద పెట్టి అదే చెక్క మీద తోస్తే, ట్రాలీ బరువు కలిపినా పదిహేను, పదహారు కిలోలతో ఎక్కిపోతుంది. వాలు బల్ల దొర్లేవాటికి, చక్రాల మీదవాటికి. ఈడ్చేవాటికి కాదు. రోజూ ధాన్యం, జీడిపిక్కలు ఎక్కించేవాళ్లు చెక్కా, ట్రాలీ రెండూ కలిపి కొనండి. ఒక్క చెక్క కొంటే డబ్బు దండగ. ఏడాదికి రెండుసార్లు మాత్రమే ఎక్కించే రైతుకి ఏదీ వద్దు, ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకుంటే అయిపోతుంది.

దొర్లే వస్తువుకైతే ఒక చక్కని ఉపాయం ఉంది, దీన్ని మనవాళ్లు ఎక్కువ మంది మర్చిపోతున్నారు. 200 కిలోల మామిడి దుంగ ఉంది, ఎక్కించాలి. బల్లచెక్కలు రెండు వాలుగా వేయండి. రెండు మోకులు తీసుకుని ఒక్కోదాని ఒక కొసను బండి మంచానికి కట్టండి. మోకును చెక్క మీదుగా కిందికి వదిలి, దుంగ కిందనుంచి తిప్పి, దుంగ మీదుగా మళ్లీ పైకి తెచ్చి, బండి మీద నిలబడి లాగండి. ఇప్పుడు దుంగే కదిలే గిలక అయింది. చెక్క వాలు వల్ల 200 కాస్తా 50 అయింది, మోకు మెలిక వల్ల అది 25. మోకు లాగాల్సిన దూరం 20 అడుగులు. ఇద్దరు మనుషులు తలా పన్నెండున్నర కిలోలు, రాపిడి కలిపి ఇంకొంచెం. దుంగ చెక్కకి అడ్డంగా, తిన్నగా దొర్లేలా రెండు మోకులూ సమానంగా లాగాలి. కింద, దుంగ వెనక మాత్రం ఎవరూ నిలబడకూడదు. ఇద్దరూ పైనే ఉంటారు కాబట్టి నెట్టి ఎక్కించడం కంటే ఇది ప్రమాదం తక్కువ పద్ధతి కూడా.

చెక్క ఎంత పొడవుండాలి? ట్రాలీకైతే ఎత్తుకి నాలుగు రెట్లు కనీసం, ఒక్క మనిషే తోస్తే ఎనిమిది రెట్లు ఉంటే హాయి. ఇంట్లో చక్రాల కుర్చీ వాడే పెద్దవాళ్లు ఉంటే గుమ్మం దగ్గర వాలుకి పన్నెండు రెట్లు వదలండి: ఒక అడుగు ఎత్తుకి 12 అడుగుల వాలు. స్థలం లేదని దాన్ని సగానికి కుదించినవాళ్లు తర్వాత మళ్లీ పగలగొట్టించుకున్నారు.

మోయడం: కావిడి, ఒంటి చక్రం బండి, రెండు చక్రాల బండి

ఇది దారి తేల్చే విషయం, కాబట్టి ముందు మీ దారిని తలుచుకోండి.

చక్రం గట్టి నేల మీద రాజు. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి రెండున్నర అడుగుల గేజి రైలు వేసినప్పుడు, అంత చిన్న ఇంజను అన్ని పెట్టెలు లాగగలిగింది ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద దొర్లడం వల్లే. అదే చక్రం దమ్ము చేసిన మడిలో దిగబడుతుంది. ప్రతి అడుగుకీ తనే తవ్వుకున్న గుంటలోంచి పైకెక్కాల్సిన పని పెట్టుకుంటుంది. బురదలో నారు మోపులు తల మీదే పోతాయి, వేరే దారి లేదు.

గుమ్మ, సెరంగో కొండల్లో జీడితోటలకి, పోడు చేలకి వెళ్లే కాలిబాటల్లో చక్రం మాట ఎత్తకండి. అక్కడ కావిడే. కావిడి బరువు తగ్గించదు, మొత్తం భుజం మీదే ఉంటుంది. కానీ బరువు ఒంటికి రెండు వైపులా సమంగా ఉండి వెన్ను నిటారుగా నిలుస్తుంది, వెదురు ఊగుతూ అడుగు వేసినప్పుడల్లా పడే కుదుపును కొంత మింగుతుంది. రెండు బుట్టలూ సమానం కాకపోతే భుజాన్ని బరువు వైపుకి జరపాలి. 6 అడుగుల బద్దకి ఒకవైపు 20 కిలోలు, రెండోవైపు 10 ఉంటే భుజం బరువు బుట్టకి 2 అడుగుల దూరంలో ఉండాలి. సవర రైతులకి ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు, భుజానికే తెలుసు. కొత్తగా తోట కొని కావిడి పట్టే పట్నం వాళ్ల కోసం చెబుతున్నాను.

పొలం గట్టు మీదకి ఒంటి చక్రం బండి. గట్టు వెడల్పు అడుగు ఉన్నా పోతుంది. చక్రం నుంచి పిడికి నాలుగున్నర అడుగులు, బరువు చక్రానికి అడుగున్నర దూరంలో ఉంటే 60 కిలోలకి చేతుల మీద పడేది 20. బరువును ఇంకా చక్రం వైపుకి జరిపితే ఇంకా తగ్గుతుంది. చాలామంది మట్టినంతా తమవైపు పోసుకుని చేతులు లాగుతున్నాయంటారు. కొనేటప్పుడు చక్రం పెద్దది, గాలి టైరుది చూడండి. చిన్న గట్టి చక్రం ప్రతి రాయికీ ఆగిపోతుంది.

ఇంటి నుంచి రోడ్డు దాకా, రోడ్డు మీద సంతకి అయితే రెండు చక్రాల తోపుడు బండే. ఇరుసు మీద సమంగా సర్దితే చేతుల మీద బరువే ఉండదు, తోయడమే. సన్న గట్టుకి మాత్రం అది పట్టదు. ఇల్లు రోడ్డుపక్కన, పొలం దూరం అయినవాళ్లు రెండిట్లో ఒకటే కొనాలంటే నేను ఒంటి చక్రానికే ఓటు వేస్తాను. అది రోడ్డు మీద కొంచెం ఇబ్బంది పెట్టినా పోతుంది, రెండు చక్రాలది గట్టు మీదకి అసలు పోదు.

ఒక్కసారి లేపాల్సిన పెద్ద బరువు: గునపం, జాకీ, చైన్ కప్పీ

చేలో పాతుకుపోయిన బండరాయికి గునపం మించినది లేదు. 5 అడుగుల గునపం కింద ఆనుడు రాయి కొసకి ఒక అడుగు దూరంలో పెడితే నాలుగు రెట్ల లాభం, 30 కిలోలు నొక్కితే 120 లేస్తుంది. ఆ ఆనుడు రాయిని అర అడుగుకి జరపండి: తొమ్మిది రెట్లు, 270 కిలోలు. అదే గునపం, అదే మనిషి. చెయ్యి 9 అంగుళాలు కిందికి పోతే బండ ఒక్క అంగుళమే లేస్తుంది, కాబట్టి లేచినప్పుడల్లా సందులో రాయో చెక్కో తోసి, మళ్లీ ఆనుడు సరిచేసుకుని లేపాలి. గునపం ముడ్డికి ఇనప పైపు తొడిగి పొడుగు చేసేవాళ్లు ఉన్నారు. పైపు జారితే మనిషి మీదకే వస్తుంది, దానికంటే ఆనుడు దగ్గరగా జరపడం మంచిది.

ఆర్.ఉదయగిరి వైపు కొండ ఎక్కే రోడ్డు మెలికలు తిరుగుతూ ఎందుకు పోతుందో అందరికీ తెలుసు. మహేంద్రగిరి శిఖరం 1,501 మీటర్లు. ఏ దారిన ఎక్కినా ఎక్కే ఎత్తు అంతే, మెలికల దారి పొడవై సులువవుతుంది. ఆ మెలికనే ఒక ఇనప కడ్డీ చుట్టూ చుడితే మర. మర జాకీ అదే. 6 మిల్లీమీటర్ల మరకి 30 సెంటీమీటర్ల పిడి ఉంటే కాగితం మీద లాభం మూడు వందల రెట్లు దాటుతుంది. చేతికి వచ్చేది దానిలో సగం కూడా కాదు, రాపిడి తినేస్తుంది. ఇక్కడ మాత్రం రాపిడి మీద కోపం వద్దు. చెయ్యి వదిలినా బరువు వెనక్కి దిగకుండా పట్టుకునేది ఆ రాపిడే. నూనె జాకీ తేలిగ్గా లేపుతుంది, కానీ లోపలి వాషరు అరిగితే మెల్లగా దిగిపోతుంది. బండి చక్రం మార్చడానికి నూనె జాకీ తీసుకోండి. ఎత్తిన బరువు గంటల తరబడి అలాగే నిలబడాలంటే మర జాకీ. ఏ జాకీ అయినా కిందికి చెక్క దిమ్మలు పేర్చకుండా మనిషి దూరకూడదు.

చీల గురించి పెద్దగా చెప్పేది లేదు. గీత తిన్నగా ఉన్న దుంగకి గొడ్డలి చాలు. ముడులున్న చింత దుంగకి ఇనప చీల, సమ్మెట కావాలి. చీల ఎంత పల్చగా ఉంటే అంత సులువుగా దిగుతుంది, అంతే గట్టిగా ఇరుక్కుంటుంది. అందుకే ఒకటి కాదు, రెండు కొనండి. ఇరుక్కున్నదాన్ని విడిపించడానికి రెండోది.

నూతిలోంచి పంపు తీయడం, ఇంజను దించడం లాంటి పనికి తాళ్ల గిలకల జత, చైన్ కప్పీ రెండూ అడుగుతారు. పైన, కింద గిలకల మధ్య తాడు నాలుగు వరసలు తిరిగే జతలో లాభం నాలుగు రెట్లు, రాపిడి పోను మూడు, మూడున్నర అనుకోండి. చవక, తేలిక, భుజాన వేసుకుని కొండ ఎక్కవచ్చు. ఒక టన్ను చైన్ కప్పీని 30, 35 కిలోలతో లాగొచ్చు. ఒక మీటరు లేపడానికి 30 మీటర్ల గొలుసు పైనే చేతుల్లోంచి పోతుంది. నిదానం, బరువు, ఖరీదు కూడా చాలా ఎక్కువ. అయినా ఒకే ఒక్క తేడా కోసం నేను ఎక్కువసార్లు చైన్ కప్పీ వైపే మొగ్గుతాను. చెయ్యి వదిలితే తాళ్ల జతలో బరువు పడిపోతుంది. చైన్ కప్పీలో బ్రేకు ఉంటుంది, వదిలినచోటే ఆగుతుంది. ఒక్కరే పని చేసుకునేవాళ్లకి, పని మధ్యలో నూతిలోకి తొంగి చూడాల్సినవాళ్లకి ఆ ఆగడమే ప్రాణం. నలుగురు మనుషులు ఉండి, బరువు వంద కిలోల లోపు ఉండి, ఎక్కించగానే దించేసే పనైతే తాళ్ల జత చాలు. ఏడాదికి ఒకసారి పంపు తీసేవాళ్లు చైన్ కప్పీ కొనకండి, మూడు కాళ్ల స్టాండుతో కలిపి అద్దెకి తెచ్చుకోండి. ఊళ్లో అయిదారు ఇళ్లు కలిసి ఒకటి కొనుక్కున్నా మంచిదే.

తాళ్లలో నైలాన్ బలమైనది, కానీ సాగుతుంది. బరువు మీద తెగితే వెనక్కి కొట్టే దెబ్బ గట్టిగా ఉంటుంది. లాగే వరసలో ఎవరూ నిలబడకుండా చూసుకోండి. కొబ్బరి తాడుకి పట్టు బాగుంటుంది, కానీ తడిసి ఆరి తడిసి లోపల కుళ్లుతుంది. పైకి బాగున్నా పురి కాస్త విప్పి లోపలి పీచు చూడాలి. పొడి రాలితే ఆ తాడు పశువును కట్టడానికి తప్ప బరువుకి వద్దు.

పాత చైన్ కప్పీ కొంటున్నా, అద్దెకి తెస్తున్నా అక్కడే చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. కొక్కెం నోరు తెరుచుకుని వెడల్పయి ఉంటే అది ఎప్పుడో మోయగలిగినదాని కంటే ఎక్కువ మోసిందన్నమాట, ముట్టుకోకండి. కొక్కెం మీద ఎన్ని టన్నులో చెక్కి ఉండాలి, నోటికి స్ప్రింగు నాలుక ఉండాలి. గొలుసు కడియాలు ఒకదానికొకటి తగిలేచోట అరిగి సన్నబడ్డాయేమో వేలితో తడమండి. చివరికి ఒక సిమెంటు బస్తా కట్టి రెండు అడుగులు లేపి, గొలుసు వదిలేసి కాసేపు గమనించండి. ఒక్క అంగుళం జారినా బ్రేకు పోయినట్టే. ఎంత తక్కువకి ఇస్తామన్నా దాన్ని అక్కడే వదిలేసి వచ్చేయండి.